బేకన్ చుట్టిన బీన్స్: రెండు వేళల్లో ఉడికే రెండు వస్తువుల పంచాయితీ

డాలస్‌లో ఉండే మా తమ్ముడు రెండేళ్ల కింద థాంక్స్‌గివింగ్ పండుగ రోజు ఒక ఫొటో పంపాడు. ఐదారు బీన్స్‌ను ఒకదాని పక్కన ఒకటి పేర్చి, నడుముకు బేకన్ (ఉప్పు, పొగ పట్టించిన పంది మాంసం) ముక్క చుట్టి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చిన వంటకం. నవంబరు నాలుగో గురువారం అమెరికావాళ్లు టర్కీ కోడి వండుకుంటారు. దాని పక్కన పెట్టుకునే కూరల్లో ఇదొకటి. నాకైతే ఆ ఫొటోలో నాట్లప్పుడు మడిలో విసిరే నారు కట్టలు కనిపించాయి. అంత ముచ్చటగా ఉన్నాయి.

ఆ క్రిస్మస్‌కు నల్లగొండలో మా ఇంట్లో నేనూ చేశాను. పాడైంది. బేకన్ పైన నల్లబడింది, లోపలి మడత తెల్లగా రబ్బరులా సాగింది. బీన్స్ ముడతలు పడి, కొరికితే పీచులా వచ్చాయి. తమ్ముడికి ఫోన్ చేస్తే, "అక్కా, బీన్స్ ముందుగాల ఉడకబెట్టినవా?" అన్నాడు. లేదురా అన్నాను. "మరి బేకన్?" అదీ లేదు. నేను చూసిన వంట విధానంలో చుట్టాలి, 200 డిగ్రీల్లో 25 నిమిషాలు పెట్టాలి అని మాత్రమే ఉంది.

తర్వాత చాలాసార్లు చేశాను. పాడైనప్పుడల్లా ఎందుకో వెతుక్కున్నాను. ఇప్పుడు నాకు అర్థమైంది ఇది: ఈ వంటకంలో వచ్చే ప్రతి తంటాకూ మూలం ఒక్కటే. వేడి విషయంలో ఒకదానికొకటి సరిపడని రెండు వస్తువులను కలిపి కట్టేస్తున్నాం. బేకన్‌కు నిదానపు వేడి, ఎక్కువ సమయం కావాలి. పచ్చి కూరగాయకు పెద్ద వేడి, తక్కువ సమయం చాలు. ఒకే కట్టలో ఉన్నాయి కాబట్టి ఒకేసారి అవుతాయని మనం అనుకుంటాం. అవి అలా కావు.

బేకన్ అంటే ఏమిటి

మా అమ్మ పంది మాంసం తినదు. కానీ పొయ్యి మీద బేకన్ వాసన రాగానే, "ఇది మన ఒట్టితునకల లెక్కనే ఉన్నది కదనే" అంది. సరిగ్గా అదే. పండుగకు కోసిన మేక మాంసం మిగిలితే ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఆరేసి ఒట్టితునకలు చేసుకునేవాళ్లం. ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, ఎండ మిగతాది తీసేస్తుంది, నీరు లేనిచోట క్రిములు పెరగలేవు. ఫ్రిజ్ లేని కాలంలో ఇక్కడ మనం ఎండను నమ్ముకుంటే, చలి దేశాలవాళ్లు పొగను నమ్ముకున్నారు.

బేకన్‌కు పంది పొట్ట భాగం తీసుకుంటారు. దానికి ఉప్పు, కొంచెం పంచదార, సోడియం నైట్రైట్ పట్టించి కొన్ని రోజులు ఊరనిస్తారు. ఆ తర్వాత కట్టె పొగ పట్టించి, సన్నటి పొరలుగా కోస్తారు. నైట్రైట్ రెండు పనులు చేస్తుంది. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును పుట్టించే బ్యాక్టీరియాను పెరగనివ్వదు. మాంసంలోని ఎరుపు పదార్థంతో కలిసి గులాబీ రంగును గట్టిపరుస్తుంది. ఈ రెండో పని వల్ల వంటింట్లో ఒక చిక్కు ఉంది. మటన్ ఉడికితే ఎరుపు పోయి గోధుమ రంగు వస్తుంది, చూసి చెప్పేయొచ్చు. బేకన్‌లో మాంసం పొర ఉడికిన తర్వాత కూడా గులాబీగానే ఉంటుంది. అందుకే మాంసం రంగు చూడొద్దు, కొవ్వు పొర చూడండి. మైనంలా తెల్లగా ఉంటే ఇంకా కాలేదు. అద్దంలా మారి, అంచులు బంగారు రంగుకు తిరిగితే అయినట్టు.

పొట్ట భాగంలో దాదాపు సగం కొవ్వే. అది కరగడానికి పెద్ద వేడి అక్కర్లేదు. కానీ అది సన్నటి పొరల సంచుల్లో ఉంటుంది. ఆ సంచులు తెగి కొవ్వు బయటికి కారాలంటే కొంతసేపు నిదానంగా వేడి తగలాలి. కొవ్వు కారి, నీరు ఆవిరైపోయాకే పైన కరకరలాడే గోధుమ రంగు వస్తుంది. ఎందుకంటే తడి ఉన్నంతసేపు ఆ ముక్క 100 డిగ్రీలు దాటి వేడెక్కదు, ఆ రంగు రావడానికి 140 డిగ్రీల పైన కావాలి. ఈ ప్రయాణంలో బేకన్ తన బరువులో సగానికి పైగా పోగొట్టుకుని బాగా కుంచించుకుపోతుంది. ఆ కుంచించుకోవడమే కట్టను గట్టిగా బిగిస్తుంది కూడా. దారం లేకుండానే కట్ట నిలబడేది అందుకే.

బీన్స్‌కు ఓవెన్ ఎందుకు సరిపోదు

200 డిగ్రీల ఓవెన్, 100 డిగ్రీల మరిగే నీళ్లు. ఏది ఎక్కువ వేడి అంటే ఓవెన్ అంటాం. కానీ ఓవెన్ తలుపు తీసి లోపలి గాలిలో చెయ్యి ఒకటి రెండు సెకన్లు ఉంచినా ఏమీ కాదు, మరిగే నీళ్లలో వేలు పెడితే బొబ్బలెక్కుతుంది. గాలి వేడిని చాలా నిదానంగా అందిస్తుంది, నీళ్లు వెంటనే అందిస్తాయి. పచ్చి బీన్స్‌ను ఓవెన్‌లో పెడితే అవి మెత్తబడే లోపే వాటిలో నీరు ఆవిరైపోతుంది. మొదటిసారి నాకు ముడతలు పడిన పీచు వచ్చింది అందుకే. బేకన్ కింద దాక్కున్న మధ్యభాగం వేరే, గాలికి తగిలే కొసలు వేరే. కొసలు ఎండిపోయాయి, మధ్యలో పచ్చిగా మిగిలింది.

కాబట్టి బీన్స్‌ను ముందే నీళ్లలో మూడు నిమిషాలు ఉడికించి, వెంటనే ఐసు నీళ్లలో వేయాలి. హోటల్‌వాళ్లు దీన్నే బ్లాంచింగ్ అంటారు. మరిగే నీళ్లలో వేసిన అర నిమిషానికే బీన్స్ ముందుకన్నా పచ్చగా మెరుస్తాయి, గమనించే ఉంటారు. కాయలో కణాల మధ్య ఇరుక్కున్న గాలి బయటికి పోవడం వల్ల పచ్చదనం తేటగా కనిపిస్తుంది. అక్కడ ఆపకుండా ఏడెనిమిది నిమిషాలు ఉంచితే బూడిద కలిసిన ఆకుపచ్చ అవుతుంది. పచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్ మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. కాయలోని పులుపు, వేడి కలిసి దాన్ని ఊడగొడతాయి. అది పోతే ఆ రంగు మళ్లీ రాదు. మూత పెట్టి ఉడికిస్తే ఆవిరితో బయటికి పోవాల్సిన ఆమ్లాలు తిరిగి నీళ్లలోనే పడతాయి కాబట్టి, మూత లేకుండా, నీళ్లు ఎక్కువ పోసి ఉడికించాలి. పావు కిలోకు రెండు లీటర్లైనా ఉండాలి. తక్కువ నీళ్లైతే బీన్స్ వేయగానే మరగడం ఆగిపోతుంది.

ఇక్కడ మా జిల్లా నీళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెడితే దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లలో తరచుగా సోడియం బైకార్బొనేట్ కూడా ఎక్కువ ఉంటుంది, అంటే మనం వాడే వంటసోడాయే. వంటసోడా వేస్తే కూరగాయ పచ్చగా ఉంటుందని చాలామంది చిటికెడు వేస్తారు. పచ్చదనం నిలవడం నిజమే, కానీ కాయను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ కరిగిపోయి బీన్స్ జావలా అవుతాయి. అలాంటి బోరు నీళ్లు సోడా వేయకుండానే అదే పని చేస్తాయి. మా పాత ఇంట్లో బీన్స్ ఎందుకలా చితికిపోయేవో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నల్లా నీళ్లు వాడటం మొదలుపెట్టాక సమస్య పోయింది. పనిలో పనిగా ఇంకో మాట: మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరే కొద్దీ గాఢత పెరుగుతుంది. వంటకైనా, తాగడానికైనా శుద్ధి చేసిన నీళ్లే వాడండి.

ఐసు నీళ్లలోంచి తీసిన బీన్స్‌ను బట్ట మీద పరిచి పూర్తిగా తుడవాలి. నేను రెండోసారి ఈ పని బద్ధకించాను. తడి ఆవిరై బేకన్‌ను లోపలి నుంచి ఉడకబెట్టింది, ఎంతసేపు ఉంచినా మెత్తగానే మిగిలింది. కొవ్వులో నీటి చుక్కలు పడి చిటపటలాడి ఓటీజీ (మన ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) అంతా చిందింది.

ఇప్పుడు చుట్టడం

బీన్స్ సగం పని ముందే చేసినట్టే బేకన్ సగం పని కూడా ముందే చేయాలి. ట్రేలో పరిచి 190 డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు ఉంచితే కొవ్వు కారడం మొదలవుతుంది, ముక్క మాత్రం ఇంకా వంగేలా ఉంటుంది. కరకరలాడే దాకా ఉంచితే చుట్టబోతే విరుగుతుంది. ఓవెన్ లేకపోతే చల్లటి పెనం మీద పరిచి, తర్వాత పొయ్యి సన్నగా వెలిగించండి. వేడి పెనం మీద వేస్తే మాంసం పొర ముందే బిగుసుకుని ముడుచుకుంటుంది, కొవ్వు లోపలే ఉండిపోతుంది.

చుట్టేటప్పుడు అందరూ చేసే పొరపాటు రెండు మూడు చుట్లు తిప్పడం. కింది చుట్టుకు గాలి తగలదు, దాని కొవ్వు బయటికి పోయే దారి లేదు, అందుకే రబ్బరులా మిగిలేది అదే. ఐదారు బీన్స్‌కు సగం ముక్క చాలు. ఒకే పొర, చివర ఒక అంగుళం మాత్రం ఒకదాని మీద ఒకటి రావాలి. ఆ అతుకు కిందికి ఉండేలా పెడితే బరువుకు, వేడికి అదే అంటుకుంటుంది. పావు కిలో బీన్స్‌కు నాలుగైదు బేకన్ ముక్కలు సరిపోతాయి. బీన్స్ మీద ఉప్పు వేయకండి. బేకన్‌లోనే కావలసినంత ఉంటుంది. కొంచెం మిరియాల పొడి, నలిపిన వెల్లుల్లి రెబ్బ చాలు.

ట్రే మీద జాలీ పెట్టి, కట్టలను జాలీ మీద ఉంచితే కారిన కొవ్వు కిందికి పోతుంది. ట్రేలో అర గ్లాసు నీళ్లు పోసి ఉంచండి. కొవ్వు మాడి పొగ రాకుండా ఉంటుంది. మన ఇళ్లలో పెద్ద ఎగ్జాస్ట్‌లు ఉండవు కదా, పొగ వస్తే ఇల్లంతా వస్తుంది. 200 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు. అమెరికా వంట విధానాల్లో రాసే 25 నిమిషాలు అక్కడి పెద్ద ఓవెన్‌కు, పచ్చి బేకన్‌కు. మన ఓటీజీలు చిన్నవి, కడ్డీలు తిండికి చాలా దగ్గరగా ఉంటాయి. పై కడ్డీ నుంచి దూరంగా, మధ్య అరలోనో కింది అరలోనో పెట్టాలి. గడియారం కన్నా కొవ్వు రంగును నమ్మండి.

చాలామంది పైన బ్రౌన్ షుగర్ పాకం పూస్తారు. నేను బెల్లం వాడతాను. రెండు చెంచాల తురిమిన బెల్లం, ఒక చెంచా నీళ్లు, చిటికెడు ఎండుమిరప పొడి. కానీ మొదటి నుంచి పూయకూడదు. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా కొంత ఉండటం వల్ల పంచదార కన్నా ముందే నల్లబడి చేదెక్కుతుంది. చివరి నాలుగు నిమిషాల్లో పూస్తే చాలు.

బీన్సే ఎందుకు?

బీన్స్ చల్లటి వాతావరణం అడిగే పంట. మన ఎండలకు వేసవిలో ధర మండిపోతుంది, దొరికినవి కూడా ముదిరి ఉంటాయి. మన నేలకు, మన ఎండకు తట్టుకుని నిలబడేది గోకరకాయ. గోరుచిక్కుడు అంటే ఇంకొందరికి తెలుస్తుంది. రైతుబజారులో ఏడాదిలో చాలా రోజులు దొరుకుతుంది. ఒకరోజు బీన్స్ దొరక్క గోకరకాయతో చేశాను. అప్పటి నుంచి మా ఇంట్లో ఇదే.

దానికి కారణం ఉంది. గోకరకాయలో సన్నటి చేదు ఉంటుంది, పిల్లలు వద్దనేది దానికే. ఉప్పులోని సోడియం నాలుక మీద చేదును అణిచేస్తుంది. కాకరకాయకు ఉప్పు పట్టించడంలో చేదు నీరు పోవడం ఒక సంగతైతే, ఇది రెండో సంగతి. బేకన్ ఉప్పు, పొగ, బెల్లం తీపి మూడూ కలిసినప్పుడు గోకరకాయ చేదు వెనక్కి తగ్గి, కాయకు ఉన్న అసలు రుచి పైకి వస్తుంది. బీన్స్ తియ్యగా ఉంటుంది కాబట్టి బేకన్ పక్కన దాని రుచి తేలిపోతుంది. గోకరకాయ నిలబడుతుంది. ఈ వంటకాన్ని కనిపెట్టినవాళ్లకు గోకరకాయ తెలిసి ఉంటే బీన్స్ జోలికి వెళ్లేవాళ్లు కాదని నా గట్టి నమ్మకం.

లేతవి ఏరుకోండి. గోరుతో గిచ్చితే తెగాలి. రెండు కొసలు తుంచి, ఈనెలు తీసి, ఆరేడు నిమిషాలు ఉడికించాలి. పీచు ఎక్కువ కాబట్టి మూడు నిమిషాలు సరిపోవు. అంతసేపట్లో పచ్చదనం కొంత తగ్గుతుంది, తప్పదు. సన్నటి కాయలు కాబట్టి కట్టకు ఎనిమిది దాకా పట్టుకుంటాయి.

బెండకాయను మాత్రం నీళ్లలో వేయకండి, జిగురు వస్తుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఒక్కో కాయకు ఒక సగం ముక్క చుట్టాలి. బజ్జీ మిరపకాయలు కూడా చాలా బాగుంటాయి. నిలువునా చీల్చి, గింజలు తీసి, లోపల పనీర్ పెట్టి చుడితే చాలు. ముందు ఉడికించే పనే లేదు. దొండకాయ నాకు కుదరలేదు.

తేవడం, దాచడం

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో బేకన్ ప్రతి దుకాణంలో దొరకదు. చాలామంది హైదరాబాద్ నుంచి తెచ్చుకుంటారు. కొనేటప్పుడు ప్యాకెట్ మీద స్ట్రీకీ అని ఉందా చూడండి. అంటే పొట్ట భాగం. బ్యాక్ బేకన్ అని ఉంటే అది నడుము భాగం, కొవ్వు తక్కువ, వెడల్పుగా ఉంటుంది, చుట్టడానికి అంత బాగా లొంగదు. చికెన్ బేకన్‌లో కొవ్వు ఇంకా తక్కువ. అది వాడితే పైన నూనె రాయాలి, సమయం తగ్గించాలి.

ఆ రెండు ఊళ్లకూ హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్ల దారి. బస్సులో రెండు మూడు గంటలు. బయట 32 డిగ్రీలు దాటితే ఇలాంటి మాంసాన్ని గంటకు మించి ఫ్రిజ్ బయట ఉంచకూడదని ఆహార భద్రత చెప్పేవాళ్లు అంటారు. మే నెలలో మనకు 44, 45 డిగ్రీలు మామూలే. గడ్డకట్టిన ప్యాకెట్టే కొని, ఐసు ప్యాకుల మధ్య పెట్టి, థర్మాకోల్ డబ్బాలో తెచ్చుకోండి. బేకన్ ఊరబెట్టిన మాంసమే కదా, పాడవదులే అనుకోవద్దు. ఒట్టితునకలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది: ఒట్టితునకలు పూర్తిగా ఎండినవి, బేకన్‌లో నీరు ఇంకా చాలా ఉంటుంది.

మెదడులో పురుగులు, క్యాన్సర్: నిజమెంత?

పంది మాంసం అనగానే మా వాడకట్టులో వినిపించే మొదటి మాట, "మెదడులో పురుగులు పడతాయి." ఇందులో నిజం ఉంది, కానీ దారి వేరు. పంది మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉండి, దాన్ని సరిగా ఉడికించకుండా తింటే మన పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకు చేరే జబ్బు మాత్రం ఆ పురుగు గుడ్లు నోట్లోకి వెళితే వస్తుంది. పేగులో పురుగు ఉన్న మనిషి మలంలో ఆ గుడ్లు ఉంటాయి. కడగని చేతుల ద్వారా, కలుషితమైన నీళ్ల ద్వారా, సరిగా కడగని ఆకుకూరలు, కూరగాయల ద్వారా ఇతరులకు చేరతాయి. అందుకే పుట్టినప్పటి నుంచి మాంసం ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. మన దేశంలో మూర్ఛకు ఇదొక ముఖ్య కారణం. అంటే ఈ వంటకంలో బేకన్‌ను పూర్తిగా కాల్చడం ఎంత ముఖ్యమో, బీన్స్‌ను పారే నీళ్లలో బాగా కడగడం, వండేవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవడం అంతే ముఖ్యం.

క్యాన్సర్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. ఆ 'రోజూ' అనే మాట వదిలేసి చాలామంది భయపెడతారు, లేదా అసలు సంగతే వదిలేసి తినమంటారు. రెండూ సరికాదు. ఏడాదికి నాలుగైదు సార్లు రెండేసి కట్టలు తినడం వేరు, పొద్దున టిఫిన్‌గా రోజూ తినడం వేరు. నేను పండుగలకే చేస్తాను. బీపీ ఉన్నవాళ్లకు ఒక్క కట్ట మించి పెట్టను, ఉప్పు అంత ఉంటుంది.

ఇంకొకటి, ఇది మర్యాదకు సంబంధించింది. మా గల్లీలో ముస్లిం ఇళ్లు ఉన్నాయి, పంది మాంసం ముట్టని హిందువుల ఇళ్లు కూడా చాలా ఉన్నాయి. ఇంటికి వచ్చినవాళ్లకు ఇది ఏమిటో వడ్డించక ముందే చెప్పాలి. పెనం, ట్రే, పటకారు అన్నీ వేరుగా ఉంచాలి. అలాంటి రోజుల్లో నేను అదే గోకరకాయను ఉడికించి, నూనెలో వేయించి, గిన్నె మధ్యలో నిప్పు కణిక పెట్టి, దాని మీద చెంచాడు నెయ్యి పోసి ఐదు నిమిషాలు మూత పెడతాను. హైదరాబాదీ వంటల్లో పొగ పట్టించే పద్ధతే. పొగ వాసన వస్తుంది, అందరూ కలిసి తింటారు.

పళ్లెంలో

టర్కీ కోడి మనకెక్కడిది? నేను జొన్నరొట్టెతో పెడతాను. పక్కన పచ్చిపులుసు. ఇంత కొవ్వున్న తిండికి పులుపు కావాలి. కానీ ఆ పులుపును వండేటప్పుడు వేయకూడదు. నిమ్మరసమైనా, చింతపండైనా ముందే తగిలితే, పైన చెప్పానే, పచ్చదనం నిమిషాల్లో పోతుంది. బెల్లం పూసే నాలుగు నిమిషాల్లో కూడా వద్దు. పళ్లెంలో పడ్డాక, తినే ముందు, రొట్టె ముక్కతో కట్టను పట్టుకుని పచ్చిపులుసులో ఒకసారి ముంచాలి. ట్రేలో మిగిలిన కొవ్వును పారబోయకండి. నీళ్లు, కొవ్వు కలిపి గిన్నెలో వంపి ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు గడ్డకడుతుంది. ఆ తెల్లటి గడ్డను తీసి దాచుకుంటే, మర్నాడు పొద్దున ఆలుగడ్డలు వేయించడానికి పనికొస్తుంది.